సున్నాకి కింద

బాబాయి లిఫ్టులు బిగిస్తాడు, పిచ్చుక వాటికి బుద్ధి చెబుతుంది. వాళ్ళ పనేమిటని ఎవరడిగినా ఇంట్లో అందరూ చెప్పే మాట అదే. నాన్న పోయాక ఆమెను చదివించింది బాబాయే. చదువయ్యాక తన చిన్న కంపెనీలోనే ఆమెకో కుర్చీ వేశాడు. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, కూతురు తనకంటే రెండంగుళాలు పొడుగు పెరిగింది, అయినా బాబాయి నోట ఆమె ఇంకా పిచ్చుకే. చిన్నప్పుడు ఆమె తిండి తినే తీరు చూసి పెట్టిన పేరట.

ఏ అంతస్తులో ఎవరు మీట నొక్కారు, లిఫ్టు ఇప్పుడెక్కడుంది, అది పైకి పోవాలా కిందికి పోవాలా అని తేల్చే ప్రోగ్రాం పిచ్చుక పదకొండేళ్ళ కిందట రాసింది. అప్పటినుంచి నూట నలభై లిఫ్టుల్లో అది నోరెత్తకుండా పని చేస్తోంది. ఈ ఏడాది, ఆ ప్రోగ్రాం నడిచే పాత సర్క్యూట్ బోర్డులు రావడం ఆగిపోయింది. పాత బోర్డులో ఉన్న ప్రాసెసర్, ఆమె బల్ల మీది కంప్యూటర్‌లో ఉన్న ప్రాసెసర్ ఒకే జాతివి. ఇక్కడ తయారైన ప్రోగ్రాం తీసుకెళ్ళి అక్కడ పెడితే అలాగే నడిచేది. కొత్త బోర్డులోది వేరే జాతి, దానికి ఈ యంత్రభాష ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని తన కంప్యూటర్ మీదే, ఆ ప్రాసెసర్ భాషలోకి మార్చే వేరే కంపైలర్ పెట్టుకుని, ఇక్కడ వండి అక్కడ వడ్డించాలి. క్రాస్ కంపైల్ చేయడం అంటారు దాన్ని.

మొదటి వారం బోర్డు ఆ ఫైలుని ముట్టుకోనే లేదు. ఈ ఫైలు రూపం నాకు తెలియదని ఒకే ఒక్క వాక్యం మొహాన కొట్టేది. వెతగ్గా వెతగ్గా, తయారీ స్క్రిప్టులో ఒక మూల పాత కంపైలర్ పేరు మిగిలిపోయి కనిపించింది. రెండో వారం, ప్రోగ్రాంకి తోడుగా ఉండాల్సిన లైబ్రరీ ఫైలు దొరకలేదంది. ఫైలు కళ్ళెదురుగానే ఉంది, కాకపోతే అది బోర్డుది కాదు, పిచ్చుక కంప్యూటర్‌ది. మూడో వారానికి నడిచింది. బల్ల మీద ఆరు దీపాలు, ఆరు మీటలు బిగించి సున్నా నుంచి ఐదో అంతస్తు దాకా రెండు రోజులు అదే పనిగా తిప్పింది. నేలకి కిందుండే అంతస్తులకి బల్ల మీద దీపాలు లేవు. వాటిని తన కంప్యూటర్ మీదే నడిపి చూసింది. మైనస్ ఒకటి, మైనస్ రెండు చక్కగా వచ్చాయి. ఇక్కడ వచ్చింది అక్కడ మాత్రం ఎందుకు రాదని, పరీక్షల కాగితంలో ఆ గడిలోనూ టిక్కు పెట్టేసింది.

కొత్త బోర్డు మొదట ఒక నాలుగంతస్తుల నివాసభవనంలోకి వెళ్ళింది. కంపెనీలోని ఇంకో మెకానిక్ దాన్ని సోమవారం బిగించి వచ్చాడు. రెండోది ఆసుపత్రిలో మూడో నంబర్ లిఫ్టుకి. ఆ ఆసుపత్రికి నేల కింద రెండు అంతస్తులున్నాయి. మైనస్ ఒకటిలో స్కానింగ్ గదులు, మైనస్ రెండులో మందుల స్టోరు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆ లిఫ్టు మైనస్ ఒకటిలో ఆగి ఉంది. పిచ్చుక లోపల నేల మీద కూచుని, మీటల పలక మూత తీసి, ల్యాప్‌టాప్ వైరు దానికి తగిలించింది. బాబాయి ఇంకా కింద, మైనస్ రెండు తలుపులోంచి దిగి, లిఫ్టు గుంతలో స్ప్రింగుల దగ్గర స్విచ్చి సరిచేస్తున్నాడు. అందాకా లిఫ్టుని బాబాయే చేతి మీటలతో మెల్లగా నడిపాడు. దాన్ని ఇంక ప్రోగ్రాంకి వదలాలి.

ఫోన్ మోగింది.

"అయిపోయిందే. లిఫ్టు కదలకుండా గుంతలో నొక్కి ఉంచిన స్టాప్ స్విచ్చి వదిలేశా, నిచ్చెన మీదున్నా. నువ్వు సున్నాకి పోనియ్, పైకెళ్తే నేను కింద నుంచి చప్పుడు వింటా."

"బయటికొచ్చాక నొక్కనా బాబాయ్?"

"నువ్వు పోయేది పైకి కదా తల్లీ, నాకేమవుద్ది? పోనియ్."

పిచ్చుక సున్నా నొక్కింది. తలుపులు మూసుకున్నాయి. మీటల పైన చిన్న తెరలో బాణం వెలిగింది. అది కిందికి చూస్తోంది.

బాణం బొమ్మ తిరగబడిందేమో, పైకెళ్ళాక సరిచేయాలి అనుకుంది ముందు. ఆ మాట మనసులో పూర్తయ్యేలోపే కింద నేల జారినట్టయింది. లిఫ్టు కిందికి పోతోంది. నిచ్చెన మీదున్న మనిషి మీదికి పోతోంది.

లిఫ్టుని ఆపే ఎర్ర మీట ఎక్కడుందో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అయినా చెయ్యి రెండుసార్లు తప్పింది. మూడోసారి అరచేత్తో మొత్తం పలకనే గుద్దింది. లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది. అదే క్షణంలో కింద ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు, దాని వెనకే బరువైనదేదో దబ్బున పడ్డ చప్పుడు.

తర్వాత ఏమీ వినపడలేదు.

"బాబాయ్," అంది. నేల మీద బోర్లా పడుకుని, తలుపుల సందుకి నోరు ఆనించి మళ్ళీ పిలిచింది. బాబాయికి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఎటు తిరిగి పడ్డాడో. ఫోన్ తీసింది, ఒక్క గీత సిగ్నలుంది. నంబరు నొక్కింది. ఆమె చెవి దగ్గర గంట మోగింది. ఒక్క క్షణం ఆగి, తను పడుకున్న రేకు కింద, ఎక్కడో లోతులో, బాబాయి ఫోన్ మోగడం మొదలెట్టింది. అది మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

పిన్నికి ఏం చెప్పాలి అన్న ఆలోచనొకటి ఎక్కడినుంచో వచ్చి నెత్తిన కూచుంది. నా చేత్తో నేనే నొక్కాను అని చెప్పాలి. అంతకు మించి ఏ వాక్యమూ తోచలేదు. ఎనిమిది, తొమ్మిది, పది అని మోగిన గంటలు లెక్కపెట్టింది, ఎందుకు లెక్కపెడుతోందో తెలియకుండానే.

పదకొండో గంట మధ్యలో ఆగిపోయింది.

"దీని దుంప తెగ, ఎక్కడ పడిందో కనపడి చావదే," అంటున్నాడు బాబాయి, ఫోన్లోనూ, కింద నుంచీ.

పిచ్చుక ఏడ్చింది. చప్పుడు రాకుండా నోరు చేత్తో మూసుకుని మరీ ఏడ్చింది.

"ఏమేవ్, ఉన్నావా?"

"ఉన్నా. నీకు దెబ్బ తగిలిందా?"

"పెట్టె నా నెత్తి మీదికొస్తుంటే నిచ్చెన వదిలేసి దూకా. చీలమండ తిరిగినట్టుంది. స్టాప్ స్విచ్చి మళ్ళీ నొక్కేశాలే. ఇంక నువ్వేం ముట్టుకున్నా అది కదలదు."

"నిజంగా కదలదా? నా ప్రోగ్రాంకి పిచ్చెక్కింది బాబాయ్, అది దేనికి ఏం చేస్తుందో నాకే తెలీదు."

"ఈ స్విచ్చి నీ ప్రోగ్రాం మాట వినే రకం కాదు. మోటారుకెళ్ళే కరెంటునే తెంపుద్ది. ఊపిరి పీల్చుకో ముందు."

అప్పుడు ఆమెకి ఇంకో సందేహం వచ్చింది. "మైనస్ రెండు తలుపు తెరిచుంది కదా. ఏ తలుపు తెరిచున్నా లిఫ్టు కదలకూడదు కదా. ఎలా కదిలింది?"

"ఆ తలుపు తాళం పట్టేస్తుంటే, మూసే ఉందని లిఫ్టు అనుకునేలా పొద్దున దానికి ఒక తీగ ముక్క అడ్డంగా వేశా," అన్నాడు బాబాయి. "తీసేద్దామనుకుంటూనే మర్చిపోయా."

ఇంతలో కింద కొత్త గొంతు వినిపించింది. స్టోరు చూసుకునే ఆవిడ, చప్పుడు విని వచ్చింది. యాభై దాటిన మనిషి, మందుల పెట్టెలు ఒంటిచేత్తో ఎత్తే మనిషి.

"ఏంటన్నయ్యా, అందులో దూరారు?"

"దూరలేదమ్మా, పడ్డాను. చెయ్యందిస్తే వస్తా."

లిఫ్టు అడుక్కీ మైనస్ రెండు గడపకీ మధ్య నడుమెత్తు సందుంది. అందులోంచి మనిషిని లాగాలి. బాబాయి మూలుగు, ఆవిడ గద్దింపు, గోడకి చెప్పు రాసుకుపోతున్న చప్పుడు, అన్నీ పిచ్చుక పైనుంచి వింటోంది. తన బరువంతా ఆ సందు మీదే ఉన్నట్టనిపించి ఊపిరి బిగబట్టి కదలకుండా కూచుంది. స్విచ్చి కరెంటు తెంపుతుందని తెలుసు. బ్రేకులు పట్టుకుని ఉంటాయని తెలుసు. అయినా గుండె నమ్మలేదు. "వచ్చేశా," అన్న మాట వినపడేదాకా రెండు అరచేతులూ నేలకి అదిమిపెట్టే ఉంది, తను పట్టుకుంటే ఆగేదేదో అన్నట్టు.

ఆ తర్వాత ల్యాప్‌టాప్ వైపు చూసింది. చూడాలంటే భయమేసింది, చూడకపోతే ఇంకా భయమేసింది. బోర్డు తను చేసిన ప్రతి పనినీ ఒక్కో వరుసగా రాసుకుంటుంది. చివరి వరుసలో మూడు సంగతులున్నాయి.

ఉన్న అంతస్తు 255. వెళ్ళాల్సిన అంతస్తు 0. దిక్కు కిందికి.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. లిఫ్టు తను రెండువందల యాభై ఐదో అంతస్తులో ఉన్నాననుకుంది. సున్నాకి రమ్మన్నారు కాబట్టి బుద్ధిగా దిగడం మొదలెట్టింది. దాని లెక్కలో అది చేసింది ఒప్పే.

ఐదు వరుసల చిన్న ప్రోగ్రాం రాసింది. ఒక్క బైటు పట్టే చిన్న గడిలో మైనస్ ఒకటి వేసి, అందులో ఏముందో చూపించమంది. దాన్ని తన ల్యాప్‌టాప్‌కోసం తయారుచేసి నడిపితే మైనస్ ఒకటి అంది. అదే ముక్కని క్రాస్ కంపైల్ చేసి బోర్డులోకి పంపి నడిపితే 255 అంది. పదకొండేళ్ళ కిందట జాగా కలిసొస్తుందని అంతస్తు నంబరుకి ఆ చిన్న గడి వాడింది తనే. అందులో మైనస్ అంకెలు పడతాయో లేదో చెప్పకుండా వదిలేసిందీ తనే. చెప్పనప్పుడు పాత జాతి కంపైలర్ పడతాయనుకుంటుంది, కొత్త జాతిది పడవనుకుంటుంది, అప్పుడు మైనస్ ఒకటి చుట్టు తిరిగి ఆ గడిలో పట్టే అన్నిటికంటే పెద్ద అంకె, 255, అయిపోతుంది. రెండిట్లో ఏదీ తప్పు కాదు. హెచ్చరిక మాత్రం ఏదీ ఇవ్వలేదు.

సున్నాకి కింద ఉన్నప్పుడే ఈ తప్పు బయటపడుతుంది. కింద అంతస్తులు లేని చోట ఏళ్ళు గడిచినా తెలియదు.

అక్కడిదాకా వచ్చేసరికి పిచ్చుక ఆలోచన టక్కున ఆగింది. ఇందాక తగ్గిన భయం రెట్టింపై తిరిగొచ్చింది.

"బాబాయ్," అని అరిచింది. "సోమవారం బిగించిన భవనానికి కింద ఏమైనా ఉందా?"

"కార్ల పార్కింగుంది. ఏం?"

"అది తెరిచారా?"

"రంగులేస్తున్నారుగా. ఇవాళ నాలుగింటికి తెరుస్తామన్నారు."

మూడూ ఇరవై అయింది. ఆ లిఫ్టులో ముసలివాళ్ళు ఎక్కుతారు, పిల్లలు ఎక్కుతారు. పార్కింగులో ఎక్కి సున్నా నొక్కితే అది కిందికి లాగుతుంది. అక్కడి తలుపుకి ఎవరైనా తీగ వేశారా? గుంతలో ఏ పనివాడైనా ఉన్నాడా? ఆ భవనం వాచ్‌మన్ నంబరు ఆమె ఫోన్లో ఉంది. నొక్కింది. ఇందాకటి ఒక్క గీతా పోయింది. చెయ్యెత్తి పట్టుకుంది, మూలమూలకీ తిప్పింది. రాలేదు.

"బాబాయ్, నన్ను తర్వాత తీద్దువుగాని, ముందు వాచ్‌మన్‌కి ఫోన్ చెయ్. లిఫ్టు ఆపెయ్యమను. నంబరు చెప్తా రాసుకో."

ఆమె పైనుంచి అంకెలు అరిచింది. బాబాయికి ఆరు ఏడుగా, ఏడు ఒకటిగా వినిపించాయి. రెండోసారి ఎవరో పెళ్ళిమాటల్లో ఉన్న ఆయనకి తగిలింది ఫోన్.

"మీరుండండన్నయ్యా," అంది స్టోరావిడ. "అమ్మాయ్, నాకు చెప్పు. ఒక్కో అంకే చెప్పు, నేను తిరిగి చెప్తా." మందుల పెట్టెల మీది పొడుగాటి నంబర్లు రోజూ చదివే మనిషి. ఒక్కటి పొల్లుపోలేదు.

ఆ తర్వాత పిచ్చుకకి ఆవిడ మాటలే వినిపించాయి.

"వాచ్‌మన్ గారా? మీ లిఫ్టు కంపెనీ తరఫున చెప్తున్నా. లిఫ్టు ఆపెయ్యండి... ఇప్పుడే... ఎవరి పర్మిషన్ కావాలి? ఓనరు తిడతాడా? తిట్టనివ్వండి, మనిషి చస్తే ఓనరొచ్చి మోస్తాడా?... ఆగండాగండి, మళ్ళీ చెప్పండి అది."

ఆవిడ గొంతు పైకి తిరిగింది.

"అమ్మాయ్, రంగులేసేవాళ్ళలో ఒకతను పొద్దున డబ్బాలతో ఎక్కి పార్కింగుకి నొక్కాడంట. అది పైకి పోయి చిట్టచివర ఆగిపోయిందంట. ఎలాగో దిగొచ్చి చెప్తే, నువ్వే తప్పు నొక్కుంటావని ఈయన నవ్వి ఊరుకున్నాడంట."

పిచ్చుక గోడకి చేరగిలబడింది. అంటే తను అనుకున్నది ఊహ కాదు. అక్కడ అది అప్పుడే జరిగిపోయింది. పైకి పోయింది కాబట్టి ఆ మనిషి బతికాడు.

"ఎవరైనా లోపలున్నారేమో అడగండి," అంది.

"చూస్తానని పోయాడు, లైన్లోనే ఉన్నా."

ఎంతసేపయిందో. తెరలో 255 అలాగే ఉంది, తను రాసిన ప్రోగ్రాం తనకే చూపిస్తున్న అంకె. దాన్ని చూడలేక ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

"ఎవరూ లేరంట," అంది స్టోరావిడ. "మెయిన్ స్విచ్ దించేశాడు. అన్ని అంతస్తుల్లోనూ తలుపుల మీద కాగితాలు అంటించమన్నా. దాని ముందు కుర్చీ వేసుకుని కూచోమని కూడా చెప్పా."

"మీకు దణ్ణం పెడతానండీ."

"తర్వాత పెడుదువుగాని. ముందు నిన్ను దింపాలిగా."

దింపడం బాబాయి వంతు. పాత బోర్డుతో నడుస్తున్న ఒకటో నంబర్ లిఫ్టులో, ఒంటికాలి మీద కుంటుతూ, మోటారు గది ఉన్న పైఅంతస్తు చేరాడు. తలుపులు తెరిచే తాళంచెవి స్టోరావిడ చేతికిచ్చి మైనస్ ఒకటిలో నిలబెట్టాడు. ఆవిడ తలుపు అవతల నుంచి ఫోన్లో ఆయన చెప్పేది పిచ్చుకకి అందిస్తోంది.

"కరెంటు మొత్తం తీసేస్తున్నాడంట. చీకటవుద్ది, భయపడకు. పైనుంచి చేత్తో బ్రేకు వదులుతాడంట. తాడు అవతలి కొసకి వేలాడే బరువు నీ పెట్టె కంటే ఎక్కువ కాబట్టి నీ పెట్టె దానంతటదే పైకొస్తుందంట."

"పైకేనా?" అంది పిచ్చుక.

"పైకే అంటున్నాడు. ఒట్టేసి చెప్పమన్నాడు."

దీపం పోయింది. ల్యాప్‌టాప్ వెలుతురు మాత్రం సందులోంచి ఒక గీతలా నేల మీద పడుతోంది. పైన ఎక్కడో కటక్కుమంది. లిఫ్టు కదిలింది. పిచ్చుక కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే ఏ వైపు పోతోందో తెలియలేదు, అందుకని మళ్ళీ తెరిచింది. జానెడు కదలడం, ఆగడం. మళ్ళీ జానెడు. ఆగినప్పుడల్లా ఇంక కదలదేమో అనిపించేది, కదిలినప్పుడల్లా ఇంక ఆగదేమో అనిపించేది. తలుపుల సందులోంచి సిమెంటు గోడ కిందికి జరిగిపోతుంటే దాన్నే చూస్తూ కూచుంది. గోడ కిందికి పోతోందంటే తను పైకి పోతున్నట్టే. అది నమ్మదగ్గ లెక్క.

సందులో వెలుతురు కనిపించింది. తాళంచెవి తిరిగిన చప్పుడు. తలుపు సగం తెరుచుకుని స్టోరావిడ మొహం ప్రత్యక్షమైంది.

"ఇంతేనా నువ్వు? గొంతు విని ఇంకా పెద్ద మనిషివనుకున్నా," అంటూ చెయ్యి పట్టి లాగింది.

కట్టు కట్టే గది బయట బెంచీ మీద బాబాయి కాలు చాపుకుని కూచున్నాడు. పిచ్చుక వెళ్ళి పక్కన కూచుంది. ఆయన జేబులోంచి వేలెడు పొడుగు పచ్చ తీగ తీసి తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నలభై ఏళ్ళుగా ఎంతమందినో తిట్టా, తాళానికి తీగ వెయ్యొద్దని."

"నేను పరీక్ష చెయ్యకుండా టిక్కు పెట్టా బాబాయ్."

"మీ పిన్నికి నిచ్చెన జారిందని చెబుదాం."

"పిన్నికి ఏమైనా చెప్పుకో. రిపోర్టులో మాత్రం రెండూ రాస్తా."

బాబాయి తల పంకించాడు. రాయొద్దని అడగాలని ఆయన పెదవి దాకా వచ్చిందని పిచ్చుకకి తెలుసు. తనకీ వచ్చింది ఆ ఆలోచన, 255 సంగతి తనకొక్కదానికే తెలుసు గదా అని. వచ్చినందుకు లోపల ఇంకా గుబులుగానే ఉంది.

ఆ రిపోర్టు సోమవారం రెండు భవనాలకీ వెళ్ళింది. ఆసుపత్రి ఇంజనీరు రెండు గంటలు కూచోబెట్టి అడగాల్సినవన్నీ అడిగాడు. నివాసభవనం ఓనరు ఫోన్లో నానా మాటలూ అన్నాడు, పిచ్చుక అన్నీ విన్నది. ప్రోగ్రాంలో ఆ చిన్న గడి నలభై ఒక్కచోట్ల ఉంది. ప్రతిచోటా మైనస్ అంకెలు పడతాయని విడమర్చి రాసింది. బల్ల మీద ఇంకో రెండు దీపాలు బిగించి, ఈసారి బోర్డు మీదే వారం రోజులు తిప్పింది. హెచ్చరిక ఒక్కటున్నా తయారీ ఆగిపోయేలా కంపైలర్‌కి చెప్పింది.

పదిరోజుల తర్వాత ఆసుపత్రి లిఫ్టుని మళ్ళీ పరీక్ష చేశారు. గుంతలో ఎవరూ లేరు, నిచ్చెన బయట ఉంది, తలుపులన్నీ మూసి తాళాలు చూశారు. చేతికర్రతో వచ్చిన బాబాయి తానెక్కుతానన్నాడు. వద్దని పిచ్చుకే ఎక్కింది. మైనస్ ఒకటి నుంచి సున్నాకి నొక్కింది. ఎడమచేయి ఎర్ర మీట మీదే ఉంచింది. బాణం పైకి చూసింది, లిఫ్టు పైకే కదిలింది, అయినా ఆమె ఆ చెయ్యి తియ్యలేదు.

సున్నాలో తలుపులు తెరుచుకున్నాయి. బాబాయి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది. ఇంకో యాభైసార్లు తిప్పాలి," అంది పిచ్చుక.

"అయితే జరుగు," అంటూ ఆయన చేతికర్ర లోపల పెట్టాడు.